పద్దు పుస్తకం

హోసూరు పట్టణంలో ఒక చిన్న ఇల్లు. ఆ ఇంట్లో ఐదుగురు మనుషులు. తండ్రి ఒక చిన్న కర్మాగారంలో లేతు యంత్రం మీద పని చేస్తాడు. తల్లి ఇంట్లోనే రవికెలు కుడుతుంది. అవ్వకు డెబ్బై ఐదేళ్ళు. పెద్దపిల్ల తొమ్మిదో తరగతి, చిన్నవాడు ఐదో తరగతి చదువుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం వినిపించే ఊరది. ఆ కుటుంబం అక్కడ స్థిరపడి ఎన్ని తరాలయిందో అవ్వకు కూడా సరిగా తెలియదు.

2023 మే నెల చివరి వారంలో ఒక సాయంత్రం తల్లి పెద్దపిల్లను పావుకిలో కందిపప్పు తెమ్మని వీధి చివరి అంగడికి పంపింది. అంగడిలో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అంగడాయన పొట్లం ఇచ్చి, పొడుగాటి పుస్తకం తెరిచి, "పాపా, పప్పు తీసుకుపో. కానీ నాయనతో ఒక మాట చెప్పు. పాత బాకీ మూడువేల రెండువందలు అలాగే నిలిచి ఉంది. నేనూ టోకు వర్తకులకు వారం వారం కట్టుకోవాలి కదా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అయినా పక్కన నిలుచున్న ఆమె తన తోటి విద్యార్థిని తల్లి. పిల్ల పొట్లాన్ని ఇంట్లో పెట్టి, ఆ రాత్రి అన్నం తినేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అంగడాయన చేసింది తప్పని చెప్పడానికి లేదు. అరువు ఇచ్చేవాడు లేకపోతే నెలాఖరున ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలగదు. అయితే అరువుకు కొనేవారు ఏ అంగడిలో బాకీ ఉందో ఆ అంగడిలోనే కొనాలి. ధర అడిగి బేరమాడే ధైర్యం వారికి ఉండదు. ఇది అరువులో ఉన్న పైకి కనబడని ఖర్చు.

భోజనాలయ్యాక పిల్ల అడిగింది. "అమ్మా, మన ఇంట్లో సరుకులకు నెలకు ఎంత అవుతుంది?"

"ఆరున్నరవేలు అవుతుందేమో" అంది తల్లి.

"ఏడు ఉంటుంది" అన్నాడు తండ్రి.

అవ్వ నవ్వింది. "ఎవరి నోటికి వచ్చింది వారు చెబుతున్నారు. ఇవన్నీ కాకిలెక్కలు. రాసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

అవ్వకు చదువు రాదు. కానీ లెక్క రాకపోలేదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పాలు పోసిన ప్రతి రోజూ వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. పాలు రాని రోజు సున్న చుట్టేది. నెల చివర పాలవాడు వచ్చినప్పుడు ఆ గోడే సాక్ష్యం. ఆమె చిన్నతనంలో సరుకులను సేర్లు, వీశెల్లో తూచేవారు. ఐదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఒక వీశె అంటే ఇప్పటి లెక్కలో దాదాపు ఒక కిలో నాలుగువందల గ్రాములు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 నుంచి అంగళ్ళలోకి కిలోలు రావడం మొదలయినప్పుడు అవ్వ పదేళ్ళ పిల్ల. కొత్త రాళ్ళతో తూచినప్పుడు తాము మోసపోతున్నామేమోనని ఇంట్లో పెద్దలు ప్రతి సరుకునూ రెండుసార్లు లెక్కవేసేవారట. "ఇప్పుడు పొట్లం మీద అన్నీ అచ్చువేసి ఉంటాయి. అందుకే ఎవరూ చదవరు" అంటుంది అవ్వ.

వర్తకుల ఇళ్ళలో రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు వరుసగా రాసేది చిట్టా. ఆ చిట్టాలోని అంశాలను పేరు పేరునా విడదీసి రాసేది ఆవర్జా. ఇంటి ఖర్చుకు కూడా ఈ రెండూ కావాలి. చిట్టా ఒక్కటే ఉంటే అది చాకలిపద్దులా పొడుగ్గా ఉంటుందే కాని, డబ్బు ఎటు పోతున్నదో చెప్పదు.

పెద్దపిల్ల గత సంవత్సరపు నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలను చించి కుట్టి పద్దు పుస్తకం చేసింది. జూన్ 1వ తేదీ నుంచి రాయడం మొదలుపెట్టింది. కొన్నవారు ఆ రాత్రే చెప్పాలి. ధరతో పాటు తూకం కూడా చెప్పాలి అని నియమం పెట్టింది. ఒక పుటలో కొన్ని పంక్తులు ఇలా ఉన్నాయి.

జూన్ 2 – బియ్యం బస్తా – 26 కిలోలు – 1,430 రూ. – అరువు – నాయన
జూన్ 2 – కందిపప్పు – 2 కిలోలు – 330 రూ. – అరువు – అమ్మ
జూన్ 4 – చిప్సు పొట్లం – 20 గ్రాములు – 10 రూ. – రొక్కం – తమ్ముడు
జూన్ 4 – శీతలపానీయం – 1 సీసా – 40 రూ. – రొక్కం – నాయన

మొదటి వారం తండ్రికి ఇది చిరాకు అనిపించింది. పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే "నాయనా, ఈ రోజు ఏం కొన్నారు?" అని కూతురు ఎదురుగా నిలబడేది. రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు చొక్కా జేబులోంచి అంగడి చీటీ తీసి మౌనంగా బల్ల మీద పెట్టాడు. అప్పటి నుంచి చీటీలన్నీ ఒక మేకుకు గుచ్చడం అలవాటయింది.

జూన్ 30వ తేదీ రాత్రి పిల్ల చిట్టాను ఆవర్జాగా మార్చింది. బియ్యం, రాగులు, గోధుమపిండి 2,050 రూపాయలు. పప్పులు 1,080. నూనె 900. పాలు రోజుకు లీటరు, లీటరు 46 చొప్పున 1,380. కూరగాయలు, పండ్లు 1,850. చక్కెర, టీపొడి, చింతపండు, ఉప్పు, కారం వంటివి 930. ఇవేవీ కానివన్నీ 'ఇతరములు' అని రాసింది. అవి 1,390. మొత్తం 9,580 రూపాయలు.

తల్లి నమ్మలేదు. మళ్ళీ కూడించింది. అదే వచ్చింది. ఆమె చెప్పిన ఆరున్నరవేలు అబద్ధం కాదు. అది అంగడి బాకీ మాత్రమే. తండ్రి దానికి పాలవాని డబ్బులో కొంత కలిపి చెప్పాడు. కూరగాయలూ, చిన్న చిన్న పొట్లాలూ ఎవరి లెక్కలోనూ లేవు. జూన్‌లో తెచ్చినదానికంతా ఆ నెలే డబ్బు కట్టారు. పాత బాకీ 3,200 మాత్రం చెక్కు చెదరలేదు.

పిల్ల మొదట చూసింది పెద్ద అంకెలనే. "పాలు అరలీటరు చాలు. ఒక్కసారిగా 690 రూపాయలు మిగులుతాయి" అంది. తమ్ముడు ఏదో అనబోయాడు. తల్లి మాత్రం "సరే, నాకు పెరుగు లేకపోయినా గడుస్తుంది" అంది.

అవ్వ పుస్తకాన్ని తన వైపు లాక్కుంది. "ఇందులో పప్పు ఏ రోజు వండామో రాశావా?"

ఆ సంగతి పిల్లకు తోచలేదు. కానీ కొన్న తేదీలు ఉన్నాయి. రెండు కిలోల కందిపప్పు నెల మొదట్లో వచ్చింది. 18వ తేదీకి అయిపోయింది. తరువాత పావుకిలో పొట్లాలు నాలుగు. ఒక్కొక్కటి 45 రూపాయలు. చివరి పది రోజులకు దొరికింది అందులో రెండు పొట్లాలు మాత్రమే. ఆ పది రోజుల్లో ఇంట్లో పప్పు వండింది మూడు పూటలు. మిగిలిన పూటలన్నీ చారు, ఊరగాయ. ఆ మూడు పూటలా కూడా తల్లి కంచంలో పప్పు పడలేదు. ఈ చివరి సంగతి పుస్తకంలో లేదు. అవ్వ చెప్పింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తండ్రి "పాలు ముట్టుకోవద్దు. పప్పు కూడా ముట్టుకోవద్దు. తక్కినవి చూడు" అన్నాడు. పిల్ల ఆ రెండింటి చుట్టూ ఎర్ర కలంతో గీత గీసింది.

తక్కినవాటిలో ముందు కంటపడింది 'ఇతరములు'. సబ్బులకు 340 పోగా మిగిలిన 1,050 రూపాయలు తినుబండారాలవే. తమ్ముని చిప్సు పొట్లాలు 25, అంటే 250 రూపాయలు. సాయంత్రం టీతో బిస్కట్లు 300. ఆదివారాల శీతలపానీయాలు 160. చుట్టాలు వచ్చినప్పుడు తెచ్చిన మిక్చరు, మిఠాయి 340. పిల్ల తమ్ముణ్ణి పిలిచి ఒక లెక్క ఇచ్చింది. 20 గ్రాముల చిప్సు 10 రూపాయలయితే ఒక కిలో ఎంత? వాడు వేళ్ళు మడిచి, కాగితం మీద వేసి, తప్పు వేశాననుకుని మళ్ళీ వేశాడు. 500 రూపాయలు. ఆ నెలలో కందిపప్పు కిలో 165. బంగాళాదుంపలు కిలో 30. "అయితే దుంపలకు 30, మిగతా 470 దేనికి?" అని వాడడిగిన ప్రశ్నకు ఇంట్లో ఎవరూ పూర్తి జవాబు చెప్పలేకపోయారు.

ఇలా ఒక్కొక్క సరుకునూ ఒకే తూకానికి తెచ్చి పోల్చడం ఈ లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. చిన్న పొట్లం చవకగా కనబడుతుంది. చేతిలో ఉన్న డబ్బుకు సరిపోతుంది కూడా. కాని పావుకిలో పొట్లాలు నాలుగు కొంటే కందిపప్పు కిలో 180 పడింది. కిలోగా కొంటే 165. బియ్యంలోనూ ఇంతే. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న, పేరు అచ్చువేసిన బియ్యం సంచులపై పన్ను వచ్చిన తరువాత కొందరు వర్తకులు 26 కిలోల బస్తాలు తెచ్చారు. 25 కిలోల బస్తా 1,400, 26 కిలోలది 1,430 అయితే పైకి రెండోదే ఎక్కువ. కిలోకు చూస్తే మొదటిది 56, రెండోది 55.

నూనె పొట్లాల విషయం ఇంకా తికమకగా ఉంటుంది. వంటనూనె నీటి కన్న తేలిక. ఒక లీటరు నూనె కిలో తూగదు. సుమారు 910 గ్రాములే. అంగడిలో రెండు పొట్లాలు పక్కపక్కన ఉన్నాయి. చూపుకు రెండూ ఒకే పరిమాణం. ఒకదాని ధర 140, ఇంకొకదాని ధర 134. తల్లి ఎప్పుడూ 134ది తెచ్చేది. పిల్ల వెనుక చిన్న అక్షరాలు చదివింది. మొదటిదానిలో 910 గ్రాములు, రెండోదానిలో 850. కిలోకు లెక్కవేస్తే మొదటిది 153 రూపాయల 85 పైసలు, రెండోది 157 రూపాయల 65 పైసలు. పూర్వం నూనె, టీపొడి, బిస్కట్లు వంటి కొన్ని సరుకులను నిర్ణీతమైన తూకాల్లోనే పొట్లం కట్టాలన్న నియమం ఉండేది. 2021లో చేసిన సవరణ ఆ నియమాన్ని తీసివేసి, దానికి బదులు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో పొట్లం మీదనే అచ్చువేయాలని చెప్పింది. గరిష్ఠ చిల్లర ధర పక్కన ఆ అంకె కనబడుతుంది. గరిష్ఠ ధర అంటే అంతకు మించి అమ్మకూడదని అర్థం. అంతకు తక్కువకు అమ్మడానికి ఏ అడ్డంకీ లేదు. చాలామంది దానిని ఖాయమైన ధర అనుకుంటారు.

తరువాత చౌకధరల దుకాణం మాట వచ్చింది. తమిళనాడులో బియ్యం కార్డు ఉన్నవారికి 2011 జూన్ నుంచి బియ్యం ఉచితం. ప్రత్యేక పథకం కింద కందిపప్పు కిలో 30 రూపాయలకు, పామోలిన్ నూనె లీటరు 25 రూపాయలకు ఇస్తారు. ఆ ఇంటికి కార్డు ఉంది. బియ్యం లావుగా ఉంటాయని, వరుసలో నిలబడే తీరిక లేదని కొన్ని నెలలుగా వెళ్ళడం మానేశారు. "అన్నానికి లావైతే ఇడ్లీకి లావవుతాయా?" అంది అవ్వ. ఇడ్లీ కోసం విడిగా మూడు కిలోల బియ్యం 180 రూపాయలు పెట్టి కొంటున్న సంగతి అప్పుడు బయటపడింది. జులై మొదటి శనివారం అవ్వ, మనుమరాలు కలిసి వెళ్ళారు. అవ్వ వేలిముద్ర యంత్రానికి అందలేదు, వేళ్ళు అరిగిపోయాయి. పిల్ల వేలు పెట్టాక చీటీ వచ్చింది. పామోలిన్ వాసన అవ్వకు నచ్చదు. దానిని వేపుళ్ళకు మాత్రమే వాడాలని ఒప్పందం కుదిరింది.

కూరగాయలకు ఊళ్ళో ఉళవర్ సందై ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో రైతుబజార్లు మొదలయ్యాయి. అదే సంవత్సరం నవంబరులో తమిళనాడులో ఉళవర్ సందైలు వచ్చాయి. పేరు వేరయినా పద్ధతి ఒకటే. దళారి లేకుండా, గుర్తింపు కార్డు ఉన్న రైతు తన పంటను తానే తెచ్చి అమ్ముకుంటాడు. ఆ రోజు ధరలు పలక మీద రాసి పెడతారు. హోసూరు చుట్టుపక్కల క్యాబేజీ, చిక్కుడు, టమాటా, ఆకుకూరలు బాగా పండుతాయి కనుక తెల్లవారుజామున వెళితే మంచి సరుకు దొరుకుతుంది. రాత్రి పని ముగించి వచ్చే దారే కనుక తండ్రికి వేరే ప్రయాణం ఖర్చు లేదు. పది రూపాయలు మిగుల్చుకోవడానికి ఇరవై రూపాయల పెట్రోలు తగలేసేవారు కూడా ఉంటారు. మొదటి ఆదివారం మాత్రం చవకగా ఉందని తండ్రి నాలుగు క్యాబేజీలు తెచ్చాడు. రెండు కుళ్ళిపోయాయి. పిల్ల ఆ రెండింటి ధరను కూడా పద్దులో రాసింది. తండ్రి చూసి ఊరుకున్నాడు.

ఇక జులై లెక్క. చౌక బియ్యం వల్ల 180, నూనె వల్ల 115 మిగిలాయి. తమ్ముని పొట్లాలు 25 నుంచి 8కి వచ్చాయి. బిస్కట్లు సగమయ్యాయి. శీతలపానీయాలు తండ్రి తానుగా మానేశాడు. చుట్టాల విషయంలో ఎవరూ పట్టుబట్టలేదు. తల్లి ఒకరోజు మురుకులు వండినందువల్ల 50 రూపాయలు మాత్రం తగ్గింది. అన్నీ కలిపి 530. వాటి బదులు వేరుసెనగలకు, బెల్లానికి, పుట్నాలకు 230 అయింది కనుక నికరంగా మిగిలింది 300. కందిపప్పు ఈసారి మూడు కిలోలకు బదులు నాలుగు కిలోలు తెచ్చారు. ఒక కిలో 30 రూపాయలకే రావడం వల్ల, పావుకిలో పొట్లాలు కొనకపోవడం వల్ల, ఒక కిలో పప్పు పెరిగినా ఖర్చు 15 రూపాయలే పెరిగింది.

కూరగాయల్లో 330 రూపాయలైనా తగ్గుతుందని పిల్ల ముందుగా రాసుకుంది. ఒక్క రూపాయి తగ్గలేదు. 2023 జులైలో టమాటా ధర దేశంలో చాలా చోట్ల కిలో వంద రూపాయలు దాటింది. చుట్టూ టమాటా పండే హోసూరులో కూడా కొనేవారికి వేరే ధర ఉండదు. చారులో చింతపండు, పప్పులో గోంగూర వేసి నెట్టుకొచ్చినా కూరగాయలకు మళ్ళీ 1,850 అయింది. పైగా జులైకి 31 రోజులు. పాలకు 46 రూపాయలు అదనం. నెల మొత్తం 9,046 వచ్చింది. జూన్ కన్న 534 తక్కువ. అందులో 500 అంగడి బాకీకి కట్టారు.

పిల్ల ముఖం చిన్నబోయింది. పుస్తకం మూయబోతుంటే తల్లి ఆపి, ఒక పక్క ఖాళీగా ఉన్న చోట తానే నాలుగు మాటలు రాసింది. ఆమె చదువుకున్నది నాలుగో తరగతి వరకే. 'జులై 31. పప్పు ఉంది. అందరికీ.'

ఆగస్టులో టమాటా దిగింది, కూరగాయలు 1,520కి వచ్చాయి. కాని 25వ తేదీన వరలక్ష్మీ వ్రతం. నెయ్యి, కొబ్బరికాయలు, బెల్లం, పూర్ణాలకు శనగపప్పు కలిపి 480 రూపాయలు. పిల్ల వాటిని ఏ పద్దులో రాయాలో తెలియక అవ్వను అడిగింది. "పండగని రాయి. వచ్చే ఏడాది నెల ముందే కనబడుతుంది" అంది అవ్వ. ఆ నెల 9,196. బాకీకి 300 వెళ్ళింది.

సెప్టెంబరు 1వ తేదీ సాయంత్రం పిల్ల సరుకుల చీటీ, పద్దు పుస్తకం రెండూ పట్టుకుని అంగడికి వెళ్ళింది. అంగడాయన తన పొడుగాటి పుస్తకం తెరిచాడు. పిల్ల కూడా తనది తెరిచింది. ఆయన లెక్కలో పాత బాకీ 2,400. ఆమె లెక్కలోనూ 2,400. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, ఆమె పుస్తకాన్ని ఒకసారి తిరగేసి, "850 గ్రాముల పొట్లం సంగతి నువ్వే కనిపెట్టావా పాపా?" అని అడిగాడు. తరువాత వెనక్కు తిరిగి, 910 గ్రాముల నూనె పొట్లం తీసి ఇచ్చాడు.

అభ్యాసం

1. తల్లి, తండ్రి చెప్పిన అంచనాలు అసలు ఖర్చు కన్న ఎందుకు తక్కువగా ఉన్నాయి?

2. పాలు తగ్గించాలన్న ఆలోచనను ఆ ఇంటివారు ఎందుకు విడిచిపెట్టారు? మీరైతే ఏ పద్దుల చుట్టూ ఎర్ర గీత గీస్తారు?

3. మీ అంగడిలో ఒకే సరుకుకు చెందిన రెండు పొట్లాల తూకం, ధర రాసుకొని వచ్చి, కిలోకు ఎంత పడుతుందో లెక్క వేయండి.

4. మీ రాష్ట్రంలో చౌకధరల దుకాణంలో ఏ సరుకులు, ఏ ధరకు ఇస్తారో ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకోండి. సోలాపురంలో, బళ్ళారిలో, బరంపురంలో, యానాంలో ఉన్నవారి జాబితాలు ఒకేలా ఉండవు.

5. చిట్టా, ఆవర్జా, పద్దు, జమ, రొక్కం, అరువు – ఈ మాటలకు మీ ఇంట్లో, మీ వీధిలో వాడే ఇతర మాటలు ఏమిటో రాయండి.

6. ఒక వారం రోజులు మీ ఇంటి సరుకుల చిట్టా రాయండి. వారం కూలి వచ్చే ఇళ్ళలో కూలి వచ్చిన రోజు నుంచే మొదలుపెట్టండి.